బడి భవనానికి మాస్ టింబర్: ఏ భాగంలో కలప, ఏ భాగంలో కాంక్రీటు

ఇంగ్లండులో నార్విచ్‌లోని ఓపెన్ అకాడమీ (2010), అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం ఫ్రాంక్లిన్ ఊరి ప్రాథమిక పాఠశాల (2015), జర్మనీలో డీడోర్ఫ్ ఉన్నత పాఠశాల (2015) లాంటి కలప బడుల ఫొటోలు చూసినవాళ్లకు మన దగ్గరా ఒకటి కట్టాలనిపించడం సహజం. అయితే ఆ బడులన్నిటికీ కలప ఫ్యాక్టరీలు మనకన్నా ఎంతో దగ్గర. చెద మనకున్నంత లేదు. కలపతో ఇల్లు కట్టడం తెలిసిన పనివాళ్లు ఊరూరా ఉన్నారు. ఈ వెసులుబాట్లేవీ లేని మన తెలుగు రాష్ట్రాల్లో "కలపా, కాంక్రీటా" అని మొత్తం భవనానికి ఒకే ప్రశ్న వేస్తే తప్పు జవాబే వస్తుంది. పునాది, కింది అంతస్తు, మధ్య స్లాబ్, పైకప్పు, హాలు, మరుగుదొడ్లు అని విడదీసి దేనికదే తేల్చుకోవాలి.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. నేలను తాకే భాగాలకూ, నీళ్లు వాడే గదులకూ, మధ్యాహ్న భోజనం వండే షెడ్డుకూ మాస్ టింబర్ వద్దు. పైకప్పుకు, స్తంభాలు అడ్డురాకూడని పెద్ద హాలుకు ఆలోచించవచ్చు. అన్నిటికన్నా బాగా నప్పేది పాత బడి మీద కొత్త అంతస్తుకు. మధ్య అంతస్తు మాత్రం ఊరిని బట్టి, డబ్బును బట్టి ఉంటుంది.

ఏది ఏమిటి

మాస్ టింబర్ అంటే పలుచని చెక్కలను జిగురుతో అతికించి చేసిన పెద్ద పలకలు, దూలాలు. చెక్కలను ఒక వరుస నిలువుగా, ఒక వరుస అడ్డంగా పేర్చి అతికిస్తే సీఎల్‌టీ. ఇది స్లాబుకూ గోడకూ పనికొస్తుంది. అన్నీ ఒకే దిశలో అతికిస్తే గ్లూలామ్. ఇది దూలాలకు, స్తంభాలకు. ప్లైవుడ్‌లాగా పొరలు ఒలిచి, ఆ పొరలన్నీ ఒకే దిశలో అతికించేది ఎల్‌వీఎల్. మన దగ్గర సీఎల్‌టీ వాడదలిస్తే చాలావరకు దిగుమతే దారి. గ్లూలామ్ దూలాలు స్థానికంగా చేసిచ్చేవాళ్లు దొరికినా, ప్రతి విడత సరుకుకూ జిగురు అతుకు పరీక్ష, వేళ్ల అతుకు (రెండు చెక్కల చివరలను వేళ్లు పెనవేసినట్టు కలిపేది) వంపు పరీక్ష కాగితాలు అడగండి. కాగితం లేని దూలాన్ని పిల్లల నెత్తిన పెట్టకూడదు.

ఒక తరగతి గదితో కొలుద్దాం

పోలికకు 7.2 మీ. × 8.4 మీ. గది తీసుకుందాం, అంటే సుమారు 60 చ.మీ. దాని మీద ఇంకో తరగతి గది ఉంది. ఐఎస్ 875 (భవనం మోయాల్సిన బరువులకు భారతీయ ప్రమాణం) రెండో భాగం ప్రకారం తరగతి గదికి చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్ల బరువు (సుమారు 300 కిలోలు), వరండాకు 4 కిలోన్యూటన్లు లెక్కలోకి తీసుకోవాలి.

కాంక్రీటుతో అయితే 140 మి.మీ. స్లాబు, కింద బీములు కలిపి ఆ ఒక్క అంతస్తుకే దాదాపు 11 ఘనపు మీటర్లు పడుతుంది. స్లాబు సొంత బరువే చదరపు మీటరుకు 350 కిలోలు. కలపతో అయితే 2.8 మీటర్లకొక గ్లూలామ్ దూలం, దానిమీద 140 మి.మీ. మందం, ఐదు పొరల సీఎల్‌టీ. ఈ పలక బరువు చదరపు మీటరుకు 70 కిలోలకు మించదు. దూలాలు, స్తంభాలు కలిపి గదికి సుమారు 12 ఘనపు మీటర్ల కలప.

ఇక్కడే చాలామంది డిజైనర్లు పొరపాటు పడతారు. 7.2 మీటర్ల దూరానికి బలం ఒక్కటే చూస్తే 180 × 560 మి.మీ. దూలం సరిపోతుంది. వంగుబాటు కూడా హద్దులోనే ఉంటుంది. కానీ పైగదిలో నలభై మంది పిల్లలు ఒకేసారి లేచి నడిస్తే నేల ఊగినట్టు తెలుస్తుంది, ఎందుకంటే ఆ దూలం సహజ కంపనం సెకనుకు 6 సార్ల దగ్గరే ఉంటుంది. కనీసం 8 ఉండాలనుకుంటే 200 × 640 దాకా వెళ్లాలి. అంటే కలప అంతస్తు కొలతను నిర్ణయించేది ఎక్కువసార్లు కంపనమే, బలం కాదు. సప్లయర్ ఇచ్చిన లెక్కల్లో కంపనం పేజీ లేకపోతే ఆ కొటేషన్ పక్కన పెట్టండి. అందులో దూలాలు సన్నగా, ధర తక్కువగా కనిపించడానికి కారణం అదే కావచ్చు.

దూలం 640 మి.మీ. లోతు కాబట్టి గది ఎత్తు కూడా పెంచాలి. ఫ్యాను దూలం కింద వేలాడకూడదు, దూలాల మధ్యకు రావాలి. కాంక్రీటు బీము దాదాపు 450 మి.మీ. లోతుతో సరిపెట్టుకుంటుంది.

కార్బన్ లెక్క: నమ్మకంగా చెప్పగలిగేది ఎంత

"కలప బడి పర్యావరణహితం" అనే మాట ఆధారపడేది ఈ లెక్క మీదే. ఇవి స్థూల అంకెలు. ఫ్యాక్టరీని బట్టి, సిమెంటును బట్టి మారతాయి. మామూలు ఓపీసీ (స్లాగ్ లాంటివి కలపని) సిమెంటుతో ఎం25 రకం కాంక్రీటు, ఘనపు మీటరుకు 100 కిలోల కడ్డీ వేసుకుంటే రెండూ కలిపి ఘనపు మీటరుకు 500 కిలోలు దాటిన కార్బన్ డయాక్సైడ్. గదికి 11 ఘనపు మీటర్లంటే 5.5 నుంచి 6 టన్నులు.

కలపకు ఫ్యాక్టరీలో సుమారు 200 కిలోలు, యూరప్ నుంచి ఓడలో వచ్చేందుకు 50 నుంచి 80, రేవు నుంచి 500 కి.మీ. లారీకి ఇంకో 25. మొత్తం 300 అనుకుంటే 12 ఘనపు మీటర్లకు 3.6 టన్నులు. చప్పుడు ఆపడానికి పైన పోయాల్సిన 60 మి.మీ. సిమెంటు పొర కలిపితే నాలుగున్నర టన్నుల దగ్గరికి వస్తుంది. ఓడ ప్రయాణం గురించి అందరూ భయపడతారు గానీ లెక్కలో అది చిన్న ముక్కే.

ఇప్పుడు మూడో అంకె చూడండి. అదే కాంక్రీటులో సగం సిమెంటు బదులు ఉక్కు కర్మాగారాల స్లాగ్ (ఇనుము కరిగించాక మిగిలే చిట్టెం పొడి) వాడితే గదికి 4.5 టన్నుల చుట్టుపక్కలకు దిగుతుంది. అంటే దిగుమతి కలపకూ, స్లాగ్ కాంక్రీటుకూ తయారీ దగ్గర పెద్ద తేడా లేదు! తేడా అంతా కలపలో నిల్వ ఉన్న కార్బన్‌ది. 12 ఘనపు మీటర్లలో దాదాపు 9 టన్నుల కార్బన్ డయాక్సైడుకు సమానమైనది దాగి ఉంటుంది. భవనం అరవై ఏళ్లు నిలిచి, తర్వాత ఆ దూలాలు ఇంకో చోట వాడుకలోకి వస్తే, నరికిన అడవి తిరిగి పెరిగితే, ఆ లాభం నిజం. పదిహేనేళ్లకే చెదపట్టి తగలబెట్టాల్సి వస్తే లాభం సున్నా. కాబట్టి మన వాతావరణంలో కలప బడి పర్యావరణహితమా కాదా అనేది చెద మందు, చూరు, నీటి కాలువల మీదే ఎక్కువ ఆధారపడుతుంది. అడవి సంరక్షణకు ఎఫ్‌ఎస్‌సీ లేదా పీఈఎఫ్‌సీ ధ్రువపత్రం అడగడం కనీస పని.

చెద, తేమ

యూరప్ సీఎల్‌టీకి ఎక్కువగా వాడే స్ప్రూస్ (చలి దేశాల చెట్టు) కలపకు చెదను ఆపే సహజ శక్తి లేదు. పైగా మందు దాని లోపలికి సరిగా ఇంకదు; ఒత్తిడితో ఎక్కించినా పైపొరలోనే ఆగిపోతుంది. మన దగ్గరికి తెచ్చే సరుకు పైన్ జాతులదై ఉంటే మేలు. చెక్కలకు విడివిడిగా మందు ఎక్కించి తర్వాత అతికించినది అడగండి. పూర్తయిన దూలానికి పైపైన బ్రష్‌తో పూసినది సైటులో ఒక రంధ్రం చేయగానే వృథా అవుతుంది. బోరాన్ మందులు మనుషులకు ఇబ్బంది లేనివే, కానీ తడి తగిలితే కడుక్కుపోతాయి కాబట్టి లోపలి భాగాలకే. ఆర్సెనిక్ ఉన్న సీసీఏ మందును పిల్లలు చేతులు పెట్టే చోట వాడకూడదు.

మందుకన్నా ముందు కట్టుబడి. మా సలహా: కింది అంతస్తు గోడలు, స్తంభాలు అన్నీ కాంక్రీటు లేదా ఇటుకతోనే కట్టి, కలపను మొదటి అంతస్తు నేల నుంచి పైకి మొదలుపెట్టండి. హాలులాంటి చోట కలప స్తంభం కిందికి రాక తప్పకపోతే, అది బయటి నేలకన్నా కనీసం 450 మి.మీ. ఎత్తున కాంక్రీటు దిమ్మె మీద, స్టీలు బూటులో నిలబడాలి. దిమ్మెకూ కలపకూ మధ్య చెద మట్టి దారులు కంటికి కనిపించేంత ఖాళీ ఉండాలి. ఆ ఖాళీని అందం కోసం టైల్సుతో మూసేసే మేస్త్రీలు ఉంటారు. మూసేస్తే చెద వచ్చిన సంగతి దూలం బోలు అయ్యాకే తెలుస్తుంది.

పునాది దగ్గర మందు ఐఎస్ 6313 రెండో భాగం ప్రకారం: క్లోర్‌పైరిఫాస్ అయితే 1 శాతం ద్రావణం, పునాది గుంత అడుగున చదరపు మీటరుకు 5 లీటర్లు, పునాది పక్కన మట్టి నింపే చోట నిలువు ముఖానికి చదరపు మీటరుకు 7.5 లీటర్లు. తర్వాత ఎప్పుడో నల్లా పైపు కోసం ఆ మట్టి తవ్వితే రక్షణ తెగిపోతుంది, మళ్లీ కొట్టాలి. ఈ ఒక్క వాక్యం బడి నిర్వహణ పుస్తకంలో రాసి పెట్టండి.

తేమ ఇంకో రకం ఇబ్బంది. ఫ్యాక్టరీ నుంచి కలప 12 శాతం తేమతో వస్తుంది. కోస్తాలో ఏడాది పొడవునా అది 14 నుంచి 16 దగ్గర నిలుస్తుంది. హైదరాబాదు, అనంతపురం వైపు ఏప్రిల్, మే నెలల్లో 7, 8కి పడిపోతుంది. ఒక్క శాతం తేమ మారితే అడ్డుకోతలో కలప దాదాపు 0.25 శాతం కుంచించుకుంటుంది. 640 మి.మీ. దూలం 12 నుంచి 8కి ఎండితే లోతు 6 మి.మీ. పైగా తగ్గుతుంది. ఆ దూలాన్ని పైన రెండు, కింద రెండు బోల్టులతో స్టీలు పలకకు బిగించేస్తే కుంచించుకునే దారి లేక మధ్యలో చీలుతుంది. బోల్టులన్నీ ఒకే చోట గుంపుగా ఉండాలి, లేదా పొడుగు రంధ్రాలు పెట్టాలి. దూలం కింద గోడ వస్తే 15 నుంచి 20 మి.మీ. ఖాళీ వదిలి మెత్తటి పదార్థంతో నింపాలి. ఏసీ ఉండే కంప్యూటర్ గదిలో ఇది మరీ ఎక్కువ.

కట్టేటప్పుడు వాన పడితే? పడుతుంది. పలకల చివరలు నీళ్లు బాగా పీలుస్తాయి, అందుకని ఫ్యాక్టరీలోనే చివరలకు మైనం పూత వేయించాలి. అతుకులకు టేపు వేయాలి. నిలిచిన నీళ్లు అదే రోజు చీపురుతో తోసేయాలి. తేమ మీటరు (పిన్నులు గుచ్చేది) సైటులో ఉండి తీరాలి. 20 శాతం దాటి వారాల తరబడి ఉంటే బూజు. 16 శాతం కిందికి దిగకుండా పైన వాటర్‌ప్రూఫ్ షీటు గానీ, సిమెంటు పొర గానీ వేయొద్దు. వేస్తే ఆ తేమ లోపలే బందీ అయి రెండేళ్లకు కింది నుంచి నల్లమచ్చగా బయటపడుతుంది.

నిప్పు

2004లో తమిళనాడులోని కుంభకోణంలో బడి కప్పు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. అది ఆకుల కప్పు. పెద్ద గ్లూలామ్ దూలం ఎండుటాకులా అంటుకోదు, కానీ కలప బడి అనగానే అధికారులకు, తల్లిదండ్రులకు గుర్తొచ్చేది అదే. దాన్ని కొట్టిపారేయకుండా అంకెలతో జవాబు చెప్పాలి.

మందమైన కలప నిమిషానికి సుమారు 0.7 మి.మీ. చొప్పున బొగ్గవుతుంది. ఆ బొగ్గే లోపలి కలపకు వేడి తగలకుండా అడ్డుపడుతుంది. గంటకు 42 మి.మీ., బలం కోల్పోయే పొర ఇంకో 7 కలిపి నిప్పు తగిలే ప్రతి ముఖానికీ (రెండు పక్కలు, అడుగు) 49 మి.మీ. తీసేయండి. 200 × 640 దూలంలో గంట తర్వాత 102 × 591 మిగులుతుంది. నిప్పు సమయంలో వచ్చే బరువుకు అది చాలు. అసలు బలహీనత స్టీలు బ్రాకెట్లది. 550 నుంచి 600 డిగ్రీల దగ్గర స్టీలు సగం బలం పోగొట్టుకుంటుంది. కాబట్టి బ్రాకెట్లు కలప లోపల 45 నుంచి 50 మి.మీ. మందం వెనక దాగాలి. సీఎల్‌టీకి ఇంకో చిక్కు: కొన్ని పాత జిగుర్లు వేడికి వదిలేసి కింది పొర ఊడిపడుతుంది, లోపలి తాజా కలప మళ్లీ అంటుకుంటుంది. ఉత్తర అమెరికా సరుకైతే పీఆర్‌జీ 320 ప్రమాణం 2018 లేదా ఆ తర్వాతి కూర్పుకు లోబడిందా అని చూడండి. వేడికి వదలని జిగురు నిబంధన అందులో ఉంది. యూరప్ సరుకుకు ఈఎన్ 16351 ప్రమాణం ఉంటుంది, దానితోపాటు జిగురు అగ్ని పరీక్ష విడిగా అడగాలి.

అనుమతి విషయానికొస్తే, మన రెండు రాష్ట్రాల్లో బడి స్థలం 500 చ.మీ. దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ కావాలి. రెండంతస్తుల బడి దాదాపు ఖాయంగా అందులోకి వస్తుంది. 2020లో కేంద్ర ప్రజా పనుల శాఖ తన భవనాల్లో కలప వాడకంపై 1990ల నాటి నిషేధాన్ని ఎత్తేసింది కాబట్టి విధానపరంగా అడ్డు తగ్గింది. అయినా స్థానిక అధికారి ముందు సీఎల్‌టీ కొత్త వస్తువే. డ్రాయింగులతోపాటు ఎన్‌ఐటీ, ఐఐటీ, జేఎన్‌టీయూ లాంటి సంస్థ సరిచూసిన నిర్మాణ నివేదిక, బొగ్గు లెక్క జత చేయండి. ఆర్డరు పెట్టకముందే బీమా కంపెనీ నుంచి ప్రీమియం రాతపూర్వకంగా తీసుకోండి. భవనం లేచాక బీమా ఇవ్వమంటే చేసేదేమీ లేదు.

గాలి, ఎండ, చప్పుడు

2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను ఊపేసిన సంగతి అక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. విశాఖ, విజయవాడలకు ఐఎస్ 875 మూడో భాగం మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదుకు 44. 2015 కూర్పు ప్రకారం తుపాను తీరంలో బడులకు ఈ వేగాన్ని ఇంకా 1.3 రెట్లు పెంచాలి, ఎందుకంటే తుపాను తర్వాత జనం తలదాచుకునేది బడుల్లోనే. 65 మీటర్ల వేగానికి గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 250 కిలోలు. కాంక్రీటు స్లాబు తన బరువుతోనే దాన్ని అణిచేస్తుంది. ఇన్సులేషన్, రేకుతో కలిపినా 100 కిలోలకు మించని కలప కప్పుకు చదరపు మీటరుకు 150 కిలోల పైకి లేపే బలం మిగిలిపోతుంది, 60 చ.మీ. గదికి 9 టన్నులు. దూలం నుంచి స్తంభానికి, స్తంభం నుంచి పునాదికి తెగని స్టీలు కట్టు ఉండాలి. తీరానికి దగ్గర్లో ఆ స్క్రూలు, బ్రాకెట్లు 316 రకం స్టెయిన్‌లెస్‌వి కావాలి. మామూలు జింకు పూత ఉప్పుగాలికి నిలవదు. తీరం నుంచి పది కిలోమీటర్ల లోపు అయితే కలప కప్పు మానేయడమే మంచిదని మా అభిప్రాయం. బరువు అక్కడ లోపం కాదు, రక్షణ.

ఎండ విషయంలో కలపకు పేరు ఎక్కువే, కానీ పోలిక సరిగా చేయాలి. ఏ రక్షణా లేని 125 మి.మీ. కాంక్రీటు కప్పుతో పోలిస్తే 120 మి.మీ. సీఎల్‌టీ కప్పు లోపలికి వదిలే వేడి నాలుగో వంతే. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు పెట్టుకునే ప్రాంతాలకు ఇది పెద్ద తేడా. అయితే కాంక్రీటు స్లాబు మీద 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి నురగ) పలక, పైన తెల్ల టైల్స్ వేస్తే అది ఉత్త సీఎల్‌టీనీ మించిపోతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. కప్పు ఏదైనా పైన తెల్లపూత వేయించండి. వేడి ఒక్కటే మీ బాధైతే కలప దిగుమతి అక్కర్లేదు.

చప్పుడు మాత్రం కలపకు నిజమైన బలహీనత. ఉత్త 140 మి.మీ. పలక 40 డెసిబెల్స్ లోపే ఆపుతుంది, పైన బల్ల జరిపితే కింద పాఠం ఆగిపోతుంది. పలక మీద 10 మి.మీ. రబ్బరు పరుపు, దాని మీద 60 మి.మీ. సిమెంటు పొర వేసి, ఆ పొర గోడను తాకకుండా చుట్టూ పట్టీ పెట్టాలి. ఆ పట్టీని మేస్త్రీ ఒక్క చోట వదిలేసినా చప్పుడు అక్కణ్ణించే దిగుతుంది.

పోటీలో ఉన్న మిగతావి

గోడలకు స్థిరీకరించిన మట్టి ఇటుకలు (ఐఎస్ 1725) చాలాచోట్ల మంచి ఎంపిక: 5 నుంచి 8 శాతం సిమెంటు, కాల్చే పని లేదు. తెలంగాణ చల్క నేలల ఎర్రమట్టి బాగా పనికొస్తుంది. నల్లరేగడి ఉబ్బుతుంది కాబట్టి వద్దు. స్లాబులో కింది భాగంలో పాత పెంకులు పేర్చే ఫిల్లర్ స్లాబు కాంక్రీటును నాలుగో వంతు దాకా తగ్గిస్తుంది. ఊళ్లో మేస్త్రీకి ఒక రోజు చూపిస్తే వచ్చేస్తుంది. నిజాయితీగా చెప్పాలంటే, కొత్త స్థలంలో కొత్త రెండంతస్తుల ఊరి బడికి స్లాగ్ సిమెంటు, ఫిల్లర్ స్లాబు, మట్టి ఇటుకల కలయికే డబ్బులోనూ కార్బన్‌లోనూ కలపను ఓడిస్తుంది. దానికున్న లోపం సమయం. 6 మీటర్లు దాటిన బీము కింద సెంట్రింగు 21 రోజులు ఉంచాలని ఐఎస్ 456 చెబుతుంది. స్లాగ్ సిమెంటు మెల్లగా గట్టిపడుతుంది కాబట్టి తొందరపడి విప్పకూడదు, క్యూరింగు కూడా 10 రోజులకు తగ్గకూడదు.

స్టీలు ఫ్రేము ప్రతి పట్టణంలో చేసిస్తారు, త్వరగా లేస్తుంది. రేకు కప్పు కింద ఎండ, వాన చప్పుడు భరించలేం. ఇన్సులేషన్ శాండ్‌విచ్ పలకలు పెడితే నయం.

స్థానిక కలప సంగతి. సరుగుడు, జామాయిల్, సుబాబుల్ మన దగ్గర విరివిగా పెరుగుతాయి, కానీ కాగితం మిల్లుల కోసం చిన్న వయసులోనే కొడతారు. ఆ కర్ర ఎండేటప్పుడు చీలుతుంది, మెలి తిరుగుతుంది. తోటల టేకులో చిన్న చెట్టుదంతా తెల్ల చెక్కే, దానికి చెద పడుతుంది. పాత ఇళ్లు కూల్చినప్పుడు డిపోలకొచ్చే టేకు దూలాలు మాత్రం నిజంగా గట్టివి. 6 మీటర్ల వెడల్పు గదికి వాటితో ట్రస్సులు చేయించి పెంకు లేదా ఇన్సులేషన్ రేకు కప్పు వేయడం దిగుమతి గ్లూలామ్‌కు చవకైన జవాబు. కావలసిందల్లా ప్రతి దూలాన్నీ మేకుల కోసం, పాత రంధ్రాల కోసం చూసి వేరు చేసే ఓపిక.

పాత బడి మీద ఇంకో అంతస్తు

ఆంధ్రలో నాడు-నేడు, తెలంగాణలో మన ఊరు-మన బడి కింద బాగుపడిన బడుల్లోనూ పిల్లలు పెరిగితే గదులు చాలవు, ఆవరణలో స్థలం ఉండదు. కాంక్రీటుతో పైకి కడితే గోడలతో కలిపి చదరపు మీటరుకు 900 నుంచి 1000 కిలోలు పాత పునాది మీద పడుతుంది. కలప దూలాలు, సీఎల్‌టీ కప్పు, తేలికపాటి గోడలైతే 200 నుంచి 250. పిల్లల బరువు రెండింటికీ సమానమే. చాలా పాత పునాదులు మొదటిదాన్ని మోయలేవు, రెండోదాన్ని మోయగలవు. ఇది తేల్చడానికి పునాది పక్కన రెండు మూడు గుంతలు తవ్వి కొలత తీయాలి, పాత కాంక్రీటు నుంచి కోర్లు (బలం పరీక్షకు తొలిచి తీసే గుండ్రటి ముక్కలు) తీయాలి, పాత కప్పు స్లాబు ఇక నేలగా మారి 300 కిలోలు మోస్తుందో లేదో చూడాలి. మోయకపోతే దాని మీద కొత్త కలప దూలాలతో వేరే నేల వేయాలి.

ఈ పనిలో కలపకు పోటీ స్టీలు ఫ్రేమే. ధరలో స్టీలు గెలుస్తుంది. వేడిలో, వాన చప్పుడులో కలప గెలుస్తుంది. వేసవి సెలవుల్లోనే పని ముగియాలంటే రెండూ చేయగలవు.

కొనడం, దించడం, నిలబెట్టడం

యూరప్ ఫ్యాక్టరీలు 3 మీటర్లు దాటిన వెడల్పు పలకలు చేస్తాయి. కానీ 40 అడుగుల కంటైనరు తలుపు వెడల్పు 2.34 మీటర్లే, లోపలి పొడవు 12 మీటర్లు. కాబట్టి గది కొలతలను కంటైనరుకు తగ్గట్టు ముందే గీయాలి. మన 7.2 మీటర్ల గదికి 1.8 మీటర్ల పలకలు నాలుగు, ఒక్కొక్కటి 8.4 మీటర్ల పొడవు, టన్ను బరువు. ఎనిమిది గదుల బడిలో మొదటి అంతస్తు నేల, పైకప్పు రెండూ కలపైతే సుమారు 100 ఘనపు మీటర్లు, మూడు కంటైనర్లు. కాంక్రీటు కోసం గీసిన ప్లానును తీసుకొచ్చి "దీన్నే కలపతో కట్టండి" అంటే కోత వృథా, అతుకులు, ధర అన్నీ పెరుగుతాయి.

కొటేషన్‌లో ఫ్యాక్టరీ ధర ఒక్కటే చూడకండి. ఓడ కిరాయి, బీమా, దిగుమతి సుంకం, జీఎస్‌టీ, ఫైటోశానిటరీ (పురుగు, తెగులు లేవనే) ధ్రువపత్రం, రేవులో రోజు కిరాయి, ఊరి దాకా ట్రెయిలరు, స్క్రూలు-బ్రాకెట్లు, నిలబెట్టే బృందం అన్నీ విడివిడిగా రాయించుకోండి. స్క్రూలు-బ్రాకెట్లే అందరూ మరిచిపోయే పద్దు.

ఎక్కువసార్లు పని ఆగేది కాంక్రీటుకూ కలపకూ కలిసే గీత దగ్గర. ఫ్యాక్టరీ కోత 2 మి.మీ. తేడాతో వస్తుంది, మన దగ్గర స్తంభం తల 20 మి.మీ. పక్కకు పోవడం మామూలే. కింది అంతస్తు కాంక్రీటు పూర్తయ్యాక టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రంతో ప్రతి బోల్టు స్థానం కొలిచి, ఆ కొలతలు ఫ్యాక్టరీకి పంపాకే కోత మొదలవ్వాలి. బేస్ ప్లేట్లలో పొడుగు రంధ్రాలు, కింద 25 నుంచి 30 మి.మీ. గ్రౌటు (ఖాళీ నింపే పలుచని సిమెంటు ముద్ద) చోటు ఉంచాలి. కరెంటు, ఫ్యాను, ప్రొజెక్టరు తీగల రంధ్రాలన్నీ ఫ్యాక్టరీ డ్రాయింగులోనే ఉండాలి. లేకపోతే ఎలక్ట్రీషియన్ ఉలి పట్టుకుని దూలం అడుగున గాడి తీస్తాడు. దూలం అడుగు భాగమే ఎక్కువ లాగుడు పడే చోటు.

క్రేను విషయంలో హైడ్రా (బరువుతో నడిచే చిన్న క్రేను) చాలనుకోకండి. టన్ను పలకను దగ్గర్లో అది లేపుతుంది గానీ, 15 మీటర్ల అవతల వెనక వరుసకు అందించలేదు. టెలిస్కోపిక్ క్రేను, దాని కాళ్లకు గట్టి నేల, 40 అడుగుల ట్రెయిలరు తిరిగే మలుపు ముందే చూసుకోవాలి. మలుపు లేకపోతే మండల కేంద్రంలో దించి చిన్న లారీల్లోకి మార్చాలి, అప్పుడు కప్పి ఉంచే షెడ్డు కావాలి.

కాలం లెక్క వెనక నుంచి వేయండి. కలప నిలబెట్టేది జనవరి నుంచి మే మధ్యలోనే. కోస్తాలో డిసెంబరు దాకా తుపాను భయం, జూన్ నుంచి అంతటా వానలు. ఫిబ్రవరిలో కంటైనర్లు సైటులో ఉండాలంటే డ్రాయింగులు అంతకుముందు సెప్టెంబరుకే ఖరారవ్వాలి, కింది అంతస్తు కాంక్రీటు కొలతలు అక్టోబరుకు అందాలి. క్రేను, శిక్షణ ఉన్న ఐదారుగురు ఉంటే నాలుగు గదుల అంతస్తు వారం పది రోజుల్లో లేస్తుంది. ఆ పది రోజుల వేగం కోసం ఆరు నెలల ముందు ప్లాను గీత మార్చకుండా ఉండగలరా అన్నది యాజమాన్యం తేల్చుకోవాలి. గది పక్కకు జరపాలి, తలుపు మార్చాలి అని చివరిదాకా మనసు మార్చుకునే కమిటీ అయితే కాంక్రీటుకే వెళ్లండి, అది సైటులో సర్దుకుంటుంది.